వరుస తప్పిన బొట్టు పిలుపులు

కరోనా తర్వాత బడులు మళ్లీ సక్రమంగా నడవడం మొదలైన మరుసటి ఏడు, దసరా సెలవులు ముగిసిన మొదటి సోమవారం నన్ను మా ఉన్నత పాఠశాలలో వ్యాపార శిక్షణ తరగతికి గైడ్ టీచరుగా నియమించారు. బడి గట్టు మండలంలో ఉంది. ఊరి పేరు రాయను. ఇక్కడ చెప్పబోయే విషయం మీద ఆ ఊళ్లో ఇప్పటికీ రెండు అభిప్రాయాలున్నాయి, మూడోది నా వల్ల పుట్టడం నాకు ఇష్టం లేదు.

నేను సాంఘికశాస్త్రం స్కూల్ అసిస్టెంటును. అంటే హైస్కూలు తరగతులకు ఒకే సబ్జెక్టు చెప్పే ఉపాధ్యాయుణ్ణి. సర్వీసులో హెడ్మాస్టరు తర్వాత నేనే పెద్ద. ఆ రోజు హెడ్మాస్టరు స్టాఫ్ రూములో సర్క్యులరు చదివారు. బడి గంట కొట్టాక ఒక గంటసేపు ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకు సొంతంగా వ్యాపారం చేయడం నేర్పాలి, దానికి ఒక గైడ్ టీచరు కావాలి అన్నది సారాంశం. లెక్కల మాస్టారు ఫ్యాను వైపు చూశారు. హిందీ టీచరమ్మ సంచి సర్దుకున్నారు. ఎవరూ చూడని దిక్కున నేను కూర్చుని ఉన్నాను. "మీది పెద్దింటి వంశం సార్, వ్యవహారం మీకు కొత్త గాదు గద" అని హెడ్మాస్టరు నా పేరు రాసేశారు.

ఇక్కడ మా ఇంటి సంగతి కొంత చెప్పాలి. మా ముత్తాతల కాలంలో ఆ ఊరితో కలిపి చుట్టుపక్కల ఊళ్ల మీద మాకు దేశాయిరికం ఉండేది. శిస్తు వసూలు, తగవుల తీర్పు అన్నీ మా గుమ్మంలోనే జరిగేవి. మా నాయన హయాం వచ్చేసరికి ఆ గుమ్మం తప్ప పెద్దగా ఏమీ మిగల్లేదు. మా వంశంలో అమ్మడం తెలియదని కాదు. మా నాయన బతికినన్నాళ్లూ అమ్మడం తప్ప వేరే పని జరగలేదు. కానీ వ్యాపారం మాత్రం ఎన్నడూ చేయలేదు. ధర అడగడం, బేరమాడటం మా ఇంట్లో లేవు. బదిలీల కౌన్సెలింగులో నాకు సొంత ఊరే వచ్చింది కనుక, మిగిలిన రెండు గదుల్లో నేనూ నా భార్యా ఉండేవాళ్లం. పాత మర్యాదల్లో ఒక్కటే ఇంకా నడుస్తూ ఉండేది. ఊళ్లో ఎవరింట పెళ్లి జరిగినా, దేవుడి దగ్గర బొట్టు పెట్టాక మనుషుల్లో తొలి పిలుపు మా ఇంటికి రావాలి. భూములు పోయినా పిలుపు పోలేదు. దానికి పట్టా లేదు కాబట్టి అమ్మే వీలు లేకపోయింది.

శిక్షణ విధానం పుస్తకంలో స్పష్టంగా ఉంది. పిల్లలు జట్లుగా ఏర్పడాలి. ప్రతి జట్టూ ముందుగా ఊళ్లో ఒక ఇబ్బందిని వెతకాలి. తర్వాత దానికి ఉపాయం కనిపెట్టాలి. ఆ ఉపాయాన్ని ఒక నిజమైన ఖాతాదారు, అంటే డబ్బిచ్చి కొనే మనిషి, దగ్గర ప్రయోగించాలి, దాన్ని నమూనా దశ అంటారు. నెగ్గితే గద్వాలలో జరిగే జిల్లా ప్రదర్శనకు వెళ్లాలి. గైడ్ టీచరుకు ఒక నిబంధన ఉంది. జట్టు ఖాతాదారుతో మాట్లాడేటప్పుడు ఆయన పక్కన ఉండవచ్చు, నోరు విప్పకూడదు. పెద్దలు నోరు విప్పితే వ్యాపారం పెద్దలదవుతుందని పుస్తకం రాసినవారి అభిప్రాయం. నాకు ఈ నిబంధన నచ్చింది. నోరు విప్పకుండా గౌరవంగా కూర్చోవడంలో మా వంశానికి అనుభవం ఉంది.

మొదటి వారం మగపిల్లల జట్టు ఫినాయిల్ చేస్తామన్నది. రెండో జట్టు కూడా ఫినాయిలే. ఊళ్లో ఇబ్బంది ఏమిటి అని అడిగాను. "కంపు సార్" అన్నారు. ఎక్కడ అని అడిగితే బడి మరుగుదొడ్ల పేరు చెప్పారు. నేను పాఠం మార్చాను.

తొమ్మిదో తరగతి రేణుక జట్టు మాత్రం వేరేది తెచ్చింది. రేణుక తల్లిదండ్రులు పుణెలో ఇళ్లు కట్టే పనికి వెళ్లారు, ఊళ్లో నానమ్మ దగ్గర ఉండి చదువుకుంటోంది. మాట్లాడేటప్పుడు ఎదుటివాళ్ల చెప్పుల వైపు చూసే పిల్ల, కానీ మాట మాత్రం సూటిగా తగిలేది. ఆమె జట్టులో ముఖ్యమైన రెండో మనిషి మరియమ్మ. ఇద్దరూ ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్లను అడిగి వచ్చి, ఊళ్లో పెద్ద ఇబ్బంది బొట్టు పిలుపులని తేల్చారు.

బొట్టు పిలుపు అంటే తెలియనివారికి చెబుతాను. పెళ్లికి కార్డు పంచితే సరిపోదు. పెళ్లివారి ఇంటి ఆడవాళ్లు కుంకుమ భరిణె పట్టుకొని గడప గడపకూ వెళ్లి, ఆ ఇంటి ఆడమనిషికి బొట్టు పెట్టి నోటితో పిలవాలి. పెళ్లి పనుల మధ్య తల్లి ఎండలో ఊరంతా తిరగాలి. అక్కచెల్లెళ్లు, వదినలు పత్తి పనులకో వలసకో వెళ్లి ఉంటారు, తోడు దొరకదు. మేం తిరిగి పిలుస్తాం, మాకు ఎంతో కొంత ఇవ్వండి అన్నది రేణుక ఆలోచన.

నేను ఒప్పుకోలేదు. మర్యాదను కిరాయికి ఇవ్వడమేమిటని అడిగాను.

"కార్డులు పంచనీకె పిల్లగాండ్లను మోటారు సైకిలు మీద తోల్తరు గద సార్" అంది రేణుక నా చెప్పుల వైపు చూస్తూ. "దానికి లేని నామోషీ బొట్టుకేంది?"

"బొట్టు పెట్టుకోని ఇండ్లకు ఏం జేస్తరు?" అని హిందీ టీచరమ్మ అడ్డుతగిలారు.

"మా ఇండ్లల్ల చక్కెర వెడ్తం టీచర్" అంది మరియమ్మ. "ఒక దిక్కు కుంకుమ, ఒక దిక్కు చక్కెర. ఎవరికి ఏది గావాల్నంటే గది."

ఖాతాదారును బట్టి సరుకు మార్చుకోవడం అని పుస్తకంలో ఒక అధ్యాయం ఉంది. మేము దానికి ఇంకా రాలేదు. నేను అనుమతి ఇచ్చాను. ఎంత తీసుకోవాలన్నది జట్టే నిర్ణయించుకుంది. నేను అడగలేదు, కారణం పైన చెప్పాను.

మాఘమాసంలో సుంకమ్మ కూతురి పెళ్లి వచ్చింది. సుంకమ్మ ఇల్లు రేణుక నానమ్మ ఇంటి పక్కనే. భర్త లేడు, పని ఆమె ఒక్కతే చూసుకోవాలి. పిలుపుల పని జట్టుకు అప్పగిస్తూ ఒక్క మాటే చెప్పింది: "పెండ్లి పని బిడ్డా, వరుస తప్పొద్దు."

ఆ ముందటి శుక్రవారమే నేను సమయం వృథా కాకుండా పని చేయడం గురించి పాఠం చెప్పాను. నల్లబల్ల మీద ఊరి పటం గీసి, బాణం గుర్తులు పెట్టి, ఊరి మొదటి ఇంటి నుంచి చివరి ఇంటి దాకా వరుసగా వెళ్లాలి, వరుస తప్పితే తిరిగిన వీధే మళ్లీ తిరగాల్సి వస్తుంది అని వివరించాను. పటం బాగా వచ్చింది. ఇద్దరు పెద్దలు ఒకే మాట చెప్పారు గనుక పిల్లలకు అనుమానం రాలేదు. సుంకమ్మ చెప్పిన వరుస చుట్టరికపు వరుస. నేను చెప్పింది ఇళ్ల వరుస. మాట ఒకటే, ఎవరి అర్థం ప్రకారం వాళ్లం సరిగ్గానే చెప్పాం.

ఆదివారం పొద్దున బయల్దేరిన పిల్లలు మధ్యాహ్న భోజనాల వేళకు ఊరంతా పిలిచేశారు. మామూలుగా రెండు రోజులు పట్టే పని. మా ఇంటికి సైకిల్ పంక్చర్ల దుకాణం తర్వాత, చికెన్ సెంటరుకు ముందు వచ్చారు. నా భార్య బొట్టు పెట్టించుకుని, పిల్లలు వెళ్లిపోయాక నా వైపు తిరిగి, "మీ తాతలనాటి వరుసల పంక్చర్ల దుకాణం ఏడుండెనో జర యాదికి చేసుకోండ్రి" అంది. నేను దినపత్రికలో తర్వాతి పేజీ తిప్పాను.

ఊళ్లోకి రాగానే మొదట వచ్చే ఇల్లు పిండి గిర్ని, అంటే పిండిమర, నడిపే బస్వరాజుది. పిండి తక్కువొచ్చిందన్న మాట మీద ఆయనకూ సుంకమ్మకూ చాలా కాలంగా మాటల్లేవు. అలాంటిది తొలి పిలుపు తన ఇంటికి రావడంతో ఆయన కరిగిపోయాడు. సాయంత్రానికి ఇద్దరు కొడుకులను వెంటబెట్టుకొని సుంకమ్మ గుమ్మంలో నిలబడి, "తొలి పిలుపు నాకిచ్చినవు చెల్లే, వంటల సంగతి ఇగ నాకిడిశిపెట్టు" అన్నాడట. సుంకమ్మకు కాసేపు ఏమీ అర్థం కాలేదట. అర్థమయ్యాక పక్కనే ఉన్న రేణుక ఇంటికి పరుగెత్తిందట.

ఎందుకంటే ఊరి చివర, బస్సు రోడ్డు అవతల ఉన్న ఆఖరి ఇల్లు ఆమె అన్న తిమ్మప్పది. అంటే పెళ్లికూతురి మేనమామది. మేనమామ చేయి పట్టుకొని తీసుకొస్తేనే పెళ్లికూతురు పందిట్లోకి రావాలి. చుట్టరికపు వరుసలో మొదట ఉండాల్సిన మనిషి, ఇళ్ల వరుసలో ఊరంతా అయ్యాక వచ్చాడు. గిర్ని సంగతి అప్పటికే ఆయన చెవిన పడింది. "నేను మేనమామనా, మైలురాయినా? ఊరంత దాటినంక నా కాడికొచ్చి ఆగిరి" అని బస్టాపులో అందరూ వినేలా అన్నాడు. "పెండ్లికి నేను రాను. ఆ పిల్లను గిర్ని బస్వరాజునే తోల్కరమ్మను."

సోమవారం ప్రార్థన ముగియకముందే సుంకమ్మ హెడ్మాస్టరు గదిలో ఉంది. నేను లోపలికి వెళ్లాను.

"ఏం వరుస నేర్పినవు దొరా పిల్లలకు?" అంది. "మీ ఇంటికి తొలి పిలుపు పోకుంటె మా అత్త నన్ను ఇంట్లకు రానియ్యకపోవు. గసొంటి ఇంట్ల పుట్టి నీకు వరుస తెల్వదా?"

నేను రెండు అర్థాల సంగతి వివరించబోయాను. ఆమె వినే స్థితిలో లేదు. పెళ్లి గురువారం. హెడ్మాస్టరు నన్ను పక్కకు పిలిచి, మెల్లగా, ఫినాయిల్ అయితే ఏ చుట్టమూ అలగడు కదా అన్నారు.

గుమ్మం దగ్గర రేణుక నిలబడి ఉంది. తిమ్మప్ప రాకపోతే సాయంత్రం తరగతి బంద్ అని నానమ్మ చెప్పేసిందట. అంతకన్నా సుంకమ్మ కూతురు పొద్దుటి నుంచి అన్నం ముట్టలేదని, పక్కింట్లో ఏడుపు వినబడుతోందని చెప్పింది. ఇంకోసారి మేమే వెళ్లి పిలుస్తాం సార్, మీరు వెంట రండి, చాలు అంది. నేను మాట్లాడకూడదన్న నిబంధన గుర్తుచేశాను. "మాట్లాడకుండ్రి సార్. ఊకె కూసోండ్రి. దొర వచ్చిండంటె కుర్సీ ఏస్తడు, కుర్సీ ఏస్తె పొమ్మనలేడు" అంది. ఇది పుస్తకంలో లేని పద్ధతి.

బడి గంట కొట్టాక ముగ్గురం బయల్దేరాం. రేణుక భరిణె పట్టుకుంది, మరియమ్మ చక్కెర డబ్బా పట్టుకుంది. తిమ్మప్ప ఇంటి ముందు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచి నిలబడి కుర్చీ వేయించాడు. పిల్లలను మాత్రం చూడనట్లే ఉన్నాడు. ఊరి వరుసకు రేణుక ఆయన్ని మామా అంటుంది.

"మామా, పిలువనీకె వచ్చినం."

"నిన్న పిలిస్తిరి గద, ఊరి కుక్కలు గిట్ల అన్నీ అయినంక."

"కుక్కలను పిలువలే మామా. అవి పిలువకున్న వస్తయి."

తిమ్మప్ప భార్య లోపలి నుంచి నవ్వింది. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"నవ్వులాట గాదు పిల్లా. గిర్నోడు మొదలు, నేను ఆఖరు. గిదేం మర్యాద?"

రేణుక ఆయన చెప్పుల నుంచి చూపు తిప్పి, మొదటిసారి ఆయన ముఖంలోకి చూసింది. "మీరు ఆఖరు గాదు మామా. మీ కాడికి వచ్చి ఆగినం. అందర్ని పిలిచిడిశిపెట్టినం, ఎవరొస్తరో ఎవరు రారో. మిమ్మల్ని అట్ల ఇడిశిపెట్టేటిది లేదు. మీది తోల్కపోయే పిలుపు. తోల్కపోయేటోళ్ల ఇల్లు ఆఖరుకే ఉంటది గద, ఆడికెల్లి సీదా పందిట్లకే పోవాలె."

మనిషిని వెంటబెట్టుకొని తీసుకుపోయే పిలుపు ఒకటుందని నేను ఎన్నడూ వినలేదు. మరియమ్మ కూడా విననట్లే ఉంది, నోరు తెరుచుకొని చూస్తోంది. తిమ్మప్ప మీసం సవరించుకొని నా వైపు తిరిగాడు.

"దొరా, గిట్ల ఉన్నదా మన ఊర్ల? మీ ఇంటికి తెల్వని రివాజు ఉండదు. మీరు చెప్పుండ్రి. మీరు ఉన్నదంటె ఉన్నట్టు."

నిబంధన ప్రకారం నేను మాట్లాడకూడదు. వంశం ప్రకారం అబద్ధం చెప్పకూడదు. ఆఖరి పిలుపే గొప్పదని నేను ఒప్పుకుంటే, మా ఇంటికి మిగిలిన ఒకే ఒక తొలి పిలుపు ఆ అరుగు మీదే చవకైపోతుంది. పందిట్లో చేయి పట్టే మనిషి లేకుండా నిలబడబోయే పిల్ల గుర్తొచ్చింది.

నేను నిబంధనను పక్కన పెట్టి, నాకు తెలిసిన నిజం ఒకటి చెప్పాను. మా నాయనకు ఊళ్లో ప్రతి పెళ్లికీ తొలి పిలుపు వచ్చేది. ఆయన ఒక్క పెళ్లికీ వెళ్లలేదు. ఆయన వస్తాడని పిలిచినవాళ్లూ అనుకోలేదు. వస్తే ఎక్కడ కూర్చోబెట్టాలో తెలియక ఇబ్బంది పడేవారు. తొలి పిలుపు ఇంటికి వచ్చేది, మనిషి కోసం కాదు. మనిషే కావాలనుకున్నప్పుడు మాత్రం మా నాయన కూడా ఎవరినో ఒకరిని వెంట పంపి తీసుకు రమ్మనేవాడు. ఇంతే చెప్పాను. ఇందులో ఒక్క మాట కూడా కల్పితం కాదు.

తిమ్మప్ప రేణుక వైపు తిరిగాడు. "తోల్కపోయేటిదైతే బాజా ఉండాలె" అన్నాడు.

"ఉంటది మామా" అంది రేణుక. బాజా ఎక్కడిదో ఆమెకు అప్పటికి తెలియదు.

గురువారం పొద్దున డప్పుల వాళ్లను బతిమాలి వెంటబెట్టుకొని జట్టు తిమ్మప్ప ఇంటికి వెళ్లింది. ఆయన తలపాగా చుట్టుకొని, మేనమామ పెట్టాల్సిన పెట్టుబడి చీర పళ్లెంలో పెట్టుకొని, గిర్ని మీదుగా ఊరంతా నడిచి పందిట్లోకి వచ్చాడు. దగ్గరి దారి వేరే ఉంది, కానీ ఆయన దాన్ని ఎంచుకోలేదు. మేనకోడలి చేయి పట్టి పీట మీద కూర్చోబెట్టాడు. వంటల దగ్గర గరిటె పట్టుకొని నిలబడ్డ బస్వరాజు ఆయనకు నమస్కారం పెట్టాడు. సుంకమ్మ నాకు అన్నం వడ్డిస్తూ నెయ్యి రెండోసారి వేసింది.

జిల్లా ప్రదర్శనలో న్యాయనిర్ణేతలు మా బల్ల ముందుకొచ్చి, మీ వస్తువు ఏది అని అడిగారు. రేణుక వాళ్లలో ఒకావిడకు బొట్టు పెట్టి, "ఎల్లుండి మా అక్క పెండ్లి, అందరు రావాలె" అంది. ఆవిడ కంగారుగా, "ఎల్లుండి నాకు కర్నూలులో పని ఉంది తల్లీ" అని క్షమాపణ చెప్పుకున్నారు. అదే మా వస్తువు అని రేణుక వివరించింది. మొదటి బహుమతి వేరే బడి ఫినాయిల్‌కు వచ్చింది. అది కూడా బాగానే ఉంది, రంగు ముఖ్యంగా.

తర్వాతి సంగతి నేను ఊహించలేదు. ఆ ఏడు ఫాల్గుణంలో పెళ్లిళ్లు పెట్టుకున్నవాళ్లంతా పిలుపుల పని జట్టుకే ఇచ్చారు. తోల్కపోయే పిలుపు ఊళ్లో పాత రివాజేనని అప్పటికే అందరికీ నమ్మకం కుదిరింది. దేశాయి దొర స్వయంగా చెప్పాడని దానికి సాక్ష్యం కూడా ఉంది. ఫలితంగా తొలి పిలుపు ఎవరికీ అక్కరలేకుండా పోయింది. ఒక ఇంట్లో, "మమ్మల్ని మొదలు పిలుస్తరా, మేం రావొద్దనా?" అని తలుపు వేసుకున్నారట. బస్వరాజు అయితే, "పోయినసారి మొదలు పిలిచిన్రు, సైసినం. మల్లనా?" అని నిలదీశాడు. ఆఖరి పిలుపు కోసం ప్రతి పెళ్లికీ మూడు నాలుగు ఇళ్లు పోటీ పడేవి. మొదలుపెట్టడానికి ఇల్లు దొరకక జట్టు పరేషాన్ అయింది.

ఒక సాయంత్రం తరగతిలో ఇదే చర్చ. ఎక్కడ మొదలుపెట్టినా ఆ ఇల్లు అలుగుతుంది, ఏం చేయాలి? మరియమ్మ చేయి ఎత్తి, నా వైపు చూసి, దించేసింది. రేణుక లేచి, "సార్ వాళ్ల ఇంటికాడ షురూ జేద్దం. సార్ ఏమనుకోరు" అంది. జట్టంతా చప్పట్లు కొట్టింది. తీర్మానం నమోదైంది.

ఈ విధంగా తొలి పిలుపు మా ఇంటికి తిరిగొచ్చింది. ముత్తాతల కాలంలో దాన్ని ఎవరూ కాదనలేక ఇచ్చేవారు. ఇప్పుడు దాన్ని వద్దనని ఇల్లు అదొక్కటే కాబట్టి ఇస్తున్నారు. నా భార్య రెండింటికీ పెద్ద తేడా లేదంటుంది.

నేను రిటైరయ్యాను. రేణుక వనపర్తిలో డిగ్రీ చదువుతోంది, పెళ్లిళ్ల కాలంలో ఫోను మీదే చుట్టుపక్కల ఊళ్ల జట్లకు పని అప్పగిస్తుంది. కల్వకుర్తి నుంచి కూడా అడిగారని, అక్కడి చుట్టరికాలు తెలియక ఇంకా ఒప్పుకోలేదని చెప్పింది. ఆ జాగ్రత్త సరైనది.

కొత్త గైడ్ టీచర్లు అప్పుడప్పుడు సలహా అడుగుతారు. నేను చెప్పేది ఇది. ఊళ్లో పిల్లలకు ఒక మాట నేర్పే ముందు, ఆ మాట ఊళ్లో అప్పటికే ఏ పనిలో ఉందో కనుక్కోవాలి. నల్లబల్ల మీద అది ఖాళీగా కనిపిస్తుంది కానీ ఖాళీగా ఉండదు. రెండోది, నోరు విప్పకూడదన్న నిబంధన మంచిదే, దాన్ని పాటించాలి. ఎవరైనా సూటిగా అడిగితే మాత్రం తెలిసిన నిజం చెప్పాలి, అది మన ఇంటికే నష్టమైనా సరే. మూడోది అనుభవం మీద చెబుతున్నాను. తొలి పిలుపు అందుకున్నవాళ్లు పెళ్లికి వెళ్లాలి. మేము ఇప్పుడు ప్రతి పెళ్లికీ వెళుతున్నాం. ఎక్కడ కూర్చోబెట్టాలో వాళ్లకు తెలుసు.